ల్యాప్ స్టీల్ గిటార్‌పై పెడల్ స్టీల్ శైలి: నిలిచే స్వరం, కదిలే స్వరం

అమెరికా కంట్రీ సంగీతంలో స్టీల్ గిటార్ వినబడగానే దానిని పెడల్ స్టీల్‌గా భావించడం కద్దు. హ్యాంక్ విలియమ్స్ పాటలలో డాన్ హెల్మ్స్ వాయించిన వాద్యం విషయంలోనూ ఈ పొరపాటు జరుగుతూ ఉంటుంది. నిజానికి హెల్మ్స్ వాద్యానికి పెడళ్లు లేవు. చిన్నదిగా కనిపించే ఈ పొరపాటు ల్యాప్ స్టీల్‌పై పెడల్ శైలిని పలికించే ప్రయత్నాలకు విలువ కట్టే సందర్భంలో పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది. ఉక్కు కడ్డీ వల్ల పుట్టిన ధ్వని ఏది, పెడల్ వల్ల పుట్టిన ధ్వని ఏది అని విడదీయకుండా ఆ ప్రయత్నాలను ‘లోపించిన అనుకరణ’ అని కొట్టివేయడం న్యాయం కాదు.

ల్యాప్ స్టీల్ హవాయి దీవులలో 19వ శతాబ్ది చివరి దశలో రూపుదిద్దుకున్న వాదనరీతికి వారసురాలు. ఆ రీతికి ఆద్యుడిగా జోసెఫ్ కెకుకు పేరు చెబుతారు. వాద్యాన్ని ఒడిలో పరుండబెట్టి, తీగలపై ఉక్కు కడ్డీని జరుపుతూ వాయిస్తారు. మెట్లు ఇందులో చూపుకు ఆనవాలుగా గీసిన గీతలు మాత్రమే. కడ్డీ నిటారుగా ఉన్నంతవరకు అన్ని తీగలూ ఒకే మెట్టు వద్ద ఆగుతాయి. అందువల్ల శ్రుతి చేసిన తీరు ఏ స్వరాల కూర్పును ఇస్తే ఆ కూర్పే పైకీ కిందికీ జరుగుతుంది తప్ప దాని లోపలి నిర్మాణం మారదు. పెడల్ స్టీల్ ఈ బంధాన్ని తెంచింది. అందులో పాదంతో నొక్కే పెడళ్లు, మోకాలితో నెట్టే మీటలు ఎంచుకున్న తీగల బిగువును మాత్రమే మార్చి, తక్కిన తీగలను యథాస్థితిలో ఉంచుతాయి.

పెడళ్లు 1954కు ముందే ఉన్నాయి. అయితే వాటిని ప్రధానంగా ఒక శ్రుతి నుండి మరొక శ్రుతికి మారే సాధనంగా వాడేవారు. వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ 1954లో విశేష ప్రజాదరణ పొందింది. అందులో బడ్ ఐజాక్స్ తీగలు మోగుతుండగానే పెడల్‌ను నొక్కి, ఆ మార్పును శ్రోత చెవికి వినిపించాడు. యంత్రం చాటున జరగవలసిన పని సంగీతంలో భాగమైంది. ఈనాడు ‘పెడల్ స్టీల్ శైలి’ అనే మాటకు అర్థం ప్రధానంగా ఇదే.

ఈ మార్పును మన స్వరసంజ్ఞలలో చెప్పుకుంటే విషయం తేటపడుతుంది. తరువాతి కాలంలో స్థిరపడిన ఇ నైన్ శ్రుతిలో పక్కపక్కన ఉన్న మూడు తీగలు ప, స, గ అనుకుందాం. ఒక పెడల్ పంచమాన్ని చతుశ్రుతి ధైవతానికి, మరొకటి అంతర గాంధారాన్ని శుద్ధ మధ్యమానికి ఎత్తుతాయి. షడ్జం చెక్కుచెదరదు. రెండు స్వరాలు వేర్వేరు దూరాలు ప్రయాణిస్తాయి, మూడవది నిలిచి ఉంటుంది. ఫలితంగా షడ్జం మూలంగా ఉన్న కూర్పు మధ్యమం మూలంగా గల కూర్పుగా మారుతుంది.

నిలిచే స్వరం చెంత కదిలే స్వరం తెలుగు పాఠకులకు కొత్త కాదు. వీణలో తీగను మెట్టుపై పక్కకు లాగి గమకం పలికిస్తున్నప్పుడు తాళతంత్రులు షడ్జ పంచమాలను నిశ్చలంగా మోగిస్తూనే ఉంటాయి. మెట్లు లేని గోటువాద్యంలో జారుడు కొయ్యతో అదే పని సాగుతుంది. కాని పోలికను ఇక్కడితో ఆపడం మంచిది. మన పద్ధతిలో నిలిచిన షడ్జం ఎప్పటికీ ఆధారమే. పెడల్ స్టీల్‌లో నిలిచిన స్వరం తాను కదలకుండానే హోదా మార్చుకుంటుంది. ఇంతకుముందు మూలస్వరంగా ఉన్నది ఇప్పుడు కొత్త మూలానికి పంచమమవుతుంది.

ల్యాప్ స్టీల్‌పై ఈ పని ఎంతవరకు సాధ్యం? విస్తృతంగా వాడుకలో ఉన్న సి సిక్స్ శ్రుతిలో ఆరు తీగలు మంద్రం నుండి వరుసగా స గ ప ధ స గ. ఇందులో ధైవతం ముందే ఒక తీగగా సిద్ధంగా ఉంది. పంచమ తీగను మీటిన వేలు పక్కనున్న ధైవత తీగను మీటితే చాలు, కడ్డీని కదపకుండానే గమ్యం అందుతుంది. అయితే గమ్యం అందింది గాని ప్రయాణం వినబడలేదు. ఐజాక్స్ వినిపించినది ఆ ప్రయాణాన్నే కనుక, శ్రుతి బలం ఒక్కటే ఇక్కడ చాలదు.

రెండవ ఉపాయం కడ్డీని ఏటవాలుగా పెట్టడం. పై రెండు తీగలలో షడ్జం వద్ద కడ్డీని ఇరుసులా నిలిపి, గాంధారం వైపు కొనను ఒక మెట్టు ముందుకు తిప్పితే గాంధారం జారుతూ మధ్యమాన్ని చేరుతుంది, షడ్జం నిలిచే ఉంటుంది. ఇది నకలు కాదు. రెండు స్వరాల పరిధిలో అచ్చంగా పెడల్ చేసే పనే. ఇందులోని కష్టం వేరు. బ్రిడ్జి వైపు వెళ్లేకొద్దీ మెట్ల మధ్య దూరం తగ్గుతుంది కాబట్టి ప్రతి స్థానంలోనూ వాలు కోణం మారుతుంది. దానిని కన్ను చెప్పలేదు, చెవే చెప్పాలి. ఇక ధైవతాన్ని కూడా కలిపి ధ, స, మ మూడింటినీ ఒకేసారి పలికించాలంటే మొదటి రెండు ఒక మెట్టు మీద, మూడవది పై మెట్టు మీద ఉండాలి. తిన్నని కడ్డీ ఆ మూడు బిందువులనూ తాకలేదు. ఇది వాదకుని లోపం కాదు, రేఖాగణితం.

మూడవ ఉపాయం కడ్డీకి వెనుక ఉంగరపు వేలితోగాని చిటికెన వేలితోగాని ఒక తీగను లాగడం. ప్రయాణం వినిపించడంలో దీనికి సాటి లేదు. మూల్యం కూడా ఉంది. లాగే చెయ్యి, కడ్డీని అల్లాడించి కంపితం పుట్టించే చెయ్యి ఒకటే. వేలు తీగకు బందీ అయినప్పుడు కంపితం సన్నగిల్లుతుంది. నట్ సమీపంలో వేలికి చోటే చాలదు.

వీటికన్నా సులువైనదీ, ఎక్కువగా ఉపేక్షకు గురయ్యేదీ ధ్వని పరిమాణాన్ని నియంత్రించే పెడల్. పెడల్ స్టీల్ వాదకుని ఎడమ పాదం సాధారణంగా స్వరం మార్చే పెడళ్లపై ఉంటే, కుడి పాదం ఈ వాల్యూమ్ పెడల్‌పై ఉంటుంది. మీటిన క్షణపు తాకిడిని అణచి, స్వరం క్షీణించే వేళ దానిని పైకెత్తేది ఇదే. ‘ఏడుపు’ అని పేరుపడిన గుణంలో సగం దీనిది. ల్యాప్ స్టీల్‌కు దీనిని తగిలించడానికి ఏ ఆటంకమూ లేదు.

కాబట్టి పెడల్ శైలిని ఆశించిన ల్యాప్ స్టీల్ వాదన ఎక్కడ తేలిపోతుందో గుర్తించడం కష్టం కాదు. మూడు స్వరాల కూర్పును పూర్తిగా నిలబెట్టాలన్న పట్టుదలతో కడ్డీని హడావుడిగా మరొక స్థానానికి దూకించినప్పుడు నిలవవలసిన స్వరం తెగిపోతుంది. కూర్పు సరైనదే, శైలి మాత్రం పోయింది. దీనికి భిన్నంగా రెండే స్వరాలను ఎంచుకుని ఒకదానిని నిలిపి ఒకదానిని నడిపిన వాదన పెడల్‌కు దగ్గరగా వినిపిస్తుంది. వదిలివేసిన మూడవ స్వరాన్ని బేస్ గిటారో తోడు గిటారో అందిస్తుంది. తక్కువ స్వరాలతో ఎక్కువ సామ్యం సాధ్యపడటం ఈ వాదనరీతిలోని విశేషం.

ఈ సందర్భంలో జెర్రీ బర్డ్ వైఖరిని తప్పక చర్చించాలి. సి సిక్స్ శ్రుతి ప్రాచుర్యంతో ఆయన పేరు ముడిపడి ఉంది. ‘స్లోలీ’ తరువాత నాష్‌విల్ పెడళ్ల వైపు మొగ్గినా ఆయన వాటిని స్వీకరించలేదు. దీనిని ఛాందసమని తీసివేయడం తొందరపాటు. ఆయన వాదనలో ఏటవాలు కడ్డీ స్వరాన్ని చేర్చే పద్ధతిలో మనిషి చేతి తడబాటుకు అవకాశం ఉంది, ఆ అవకాశంలోనే వ్యక్తిత్వమూ ఉంది. పెడల్ స్వరాన్ని ముందే నిర్ణయించిన హద్దు దగ్గర ఆపుతుంది. చెయ్యి ప్రతిసారీ ఆ హద్దును వెతుక్కోవాలి. అయితే బర్డ్ నిరాకరణను ఆదర్శంగా నిలిపి, పెడల్ శైలిని ల్యాప్ స్టీల్‌పై ప్రయత్నించేవారిని తప్పుపట్టడం కూడా పొరపాటే. వారు వాడే ఏటవాలు కడ్డీ పెడళ్లు రాకముందే ఈ వాద్యం సొంతం చేసుకున్న విద్య. బర్డ్ తరువాతి కాలంలో నాష్‌విల్ విడిచి హవాయిలో స్థిరపడ్డాడు. 1978లో స్టీల్ గిటార్ హాల్ ఆఫ్ ఫేమ్ తన తొలి గౌరవాన్ని అందించినది పెడల్ ముట్టని ఈ వాదకునికే.