దిగడమే పెద్ద పని

సికింద్రాబాదులో సైకిలు మీద ఆఫీసుకు వెళ్తానని తెలిస్తే జనం మొదట అడిగేది, "ఆ ట్రాఫిక్‌లో ఎట్లా తొక్కుతున్నారండీ?" అని. తొక్కడం గురించి నాకు పెద్ద బెంగ లేదు. అది నేర్చుకుంటే వచ్చే విద్య. కొంతకాలం ఒకే దారిలో తిరిగితే కాళ్ళకూ కళ్ళకూ దానంతటదే పడుతుంది. ఎవరూ అడగని ప్రశ్న ఇంకోటుంది: "వెళ్ళాక దాన్ని ఎక్కడ పెడతారు?" అసలు కష్టమంతా అక్కడుంది.

ముందు తొక్కడం సంగతి చెప్తాను. మల్కాజిగిరి నుంచి బేగంపేట వైపు నా దారి. మెట్టుగూడ, ఆలుగడ్డ బావి, స్టేషను, ప్యాట్నీ, ప్యారడైజ్. బస్సులో కూర్చున్నవాళ్ళకు ఇవి స్టాపుల పేర్లు. సైకిలు మీదున్నవాళ్ళకు ఎత్తుపల్లాలు. రాతి గుట్టల నేల మీద లేచిన ఊరు కదా, మోటారు బండికి చదునుగా అనిపించే రోడ్డు తొడలకు చదునుగా ఉండదు. ఆలుగడ్డ బావి దగ్గర రైలు వంతెన కిందికి జారేటప్పుడు తొక్కే పనే లేదు. ఆ జోరును అవతలి ఎత్తుకు దాచుకోవాలి. దిగేటప్పుడు బ్రేకు పట్టినవాడు ఎక్కేటప్పుడు ప్రతి అంగుళం తొక్కి ఎక్కాల్సిందే. గేర్లు లేని, ఇరవై కిలోలకు తగ్గని నల్ల సైకిలు ఈ లెక్క తొందరగా నేర్పుతుంది.

గాలికీ లెక్కుంది. ఆషాఢం గాలి పడమటి నుంచి వీస్తుంది. పొద్దున బేగంపేట వైపు పోతుంటే ఎదురు, సాయంత్రం ఇంటికి వస్తుంటే వెన్నుదన్ను. ఆ రోజుల్లో పొద్దున కాస్త ముందే బయల్దేరతాను, సాయంత్రం తీరిగ్గా వస్తాను. ఎండాకాలం గాలితో పని లేదు. తొమ్మిది దాటితే రోడ్డే కింది నుంచి కాలుస్తుంది కాబట్టి అంతకు ముందే నీడకు చేరుకోవాలి.

ట్రాఫిక్‌లో చూడాల్సినవి తక్కువే, కానీ వాటి మీంచి కన్ను తీయకూడదు. ఆటో డ్రైవర్ ముఖం చూసి లాభం లేదు, ముందు చక్రం చూడాలి. చెయ్యి చూపించడం మరిచిపోవచ్చు గానీ, చక్రం తిరగకుండా ఆటో పక్కకు రాదు. రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి చెయ్యి ఎత్తాడా, నా వేళ్ళు బ్రేకు మీదికి పోతాయి. ముందున్న ఆటో అక్కడే ఆగబోతోంది మరి. ఆగి ఉన్న కార్ల పక్కన వెళ్తే తలుపు తెరుచుకునేంత దూరం వదలాలి. రైలు పట్టాలను నిటారుగా దాటాలి. ఏటవాలుగా పోతే ముందు చక్రం పట్టా సందులో చిక్కుకుంటుంది. వానలో ఇనుప రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బరు జారుతుంది, పట్టిన కాసేపటికి గానీ పనిచేయదు. అందుకే వాన రోజు బ్రేకు ముందే మొదలవ్వాలి. నీళ్ళు నిలిచిన చోట ముందు పోయిన బండి చక్రం జాడ వదలకూడదు. ఆ నీళ్ళ కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో ముందు పోయినవాడు అప్పటికే తేల్చి ఉంటాడు.

సికింద్రాబాదులో ఇంకో చిక్కుంది, కంటోన్మెంటు. చెట్ల నీడలో తిన్నగా పోయే మిలిటరీ రోడ్లు సైకిలుకు స్వర్గం. కానీ ఆ స్వర్గానికి గేట్లున్నాయి. ఏఓసీ అనే సైనిక కేంద్రం వైపు రోడ్లు మూసినప్పుడల్లా మల్కాజిగిరి, సఫిల్‌గూడ వాళ్ళు చుట్టు తిరగక తప్పలేదు. కంటోన్మెంట్లలో రోడ్లు తెరవాలని 2018లో రక్షణ శాఖే ఆదేశమిచ్చింది. అయినా గేట్ల గొడవ ఆగలేదు. గేటు పడితే కారులో ఉన్నవాళ్ళకు కాస్త పెట్రోలు, కాస్త విసుగు. నాకు ఆ చుట్టంతా మోకాళ్ళకు తెలుస్తుంది.

ఇన్ని చెప్పినా సైకిలుకున్న సుఖం మరే బండికీ లేదు. దారి మూసుకుపోతే దిగి నడిపించుకుంటూ పోవచ్చు. దిగిన క్షణం నేను వాహనదారుణ్ణి కాను, నడిచేవాణ్ణి. లష్కర్ బోనాలప్పుడు మహంకాళి గుడి చుట్టుపక్కల జనరల్ బజార్ నుంచి ఆర్పీ రోడ్డు దాకా బండ్లు ఆపేస్తారు. బైకులవాళ్ళు బ్యారికేడ్ల దగ్గర పోలీసులతో వాదిస్తుంటే నేను హ్యాండిల్ పట్టుకుని డప్పుల మధ్యలోంచి నడిచిపోతాను. ఒకావిడ నెత్తి మీద బోనంతో ఎదురొస్తూ, "జర పక్కకు జరుగు బిడ్డా" అంటుంది, జరుగుతాను. ఏ ఇంజనూ ఇంత మర్యాదగా జరగలేదు.

ఇదంతా రోడ్డు మీద సంగతి. ఇప్పుడు చేరడం సంగతి.

ఏదో పని మీద ఒక పెద్ద భవనానికి వెళ్తాను. గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెడతాడు. "ఏందన్నా, డెలివరీనా? ఎనక గేటుకు పోవాలె." మూడో అంతస్తులో మీటింగు ఉందని చెప్తాను. ఆయన నన్నూ సైకిలునూ మార్చి మార్చి చూసి, "సైకిల్ మీదొచ్చిన్రా సార్?" అంటాడు. అన్న సార్ అయ్యాడు గానీ సైకిలుకు మాత్రం చోటు రాలేదు. "ఈడ పెట్టకండ్రి సార్, మా సార్లు అంటరు." పార్కింగ్ బోర్డు మీద కారుకు ఇంత, టూ వీలర్‌కు ఇంత అని రేటు రాసి ఉంటుంది. సైకిలుకు రేటే లేదు. రేటు లేదు కాబట్టి ఉచితమని మురిసిపోనక్కర్లేదు, లెక్కలోనే లేదని అర్థం.

ఆదివారం పొద్దున నెక్లెస్ రోడ్డు మీద హెల్మెట్లు, బిగుతు బట్టలు వేసుకుని లక్ష రూపాయల సైకిళ్ళు తొక్కేవాళ్ళకు ఈ బాధ లేదు. వాళ్ళు ఎక్కడా దిగరు. ఇంట్లోంచి బయల్దేరి ఇంటికే చేరతారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళను చూసి పిల్లలు సైకిలు అడిగితే మంచిదే. చిక్కల్లా నగరం వాళ్ళను మాత్రమే సైకిలిస్టులు అనుకోవడం. పొద్దున్నే పేపర్లు వేసే కుర్రాడు, మోండా మార్కెట్ నుంచి కూరగాయల మూట క్యారియర్‌కు కట్టుకుని పోయే మనిషి, చాయ్ క్యాను వేలాడేసుకుని రాణిగంజ్ దుకాణాల చుట్టూ తిరిగేవాడు, పొరుగు రాష్ట్రం నుంచి వచ్చి సైటుకు పోయే మేస్త్రీ, వీళ్ళకు సైకిలు వ్యాయామం కాదు, బతుకు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వ్యవసాయేతర పనులకు వెళ్ళేవాళ్ళలో సుమారు 13 శాతం మంది సైకిలు మీదే వెళ్ళేవాళ్ళు. కోట్ల మంది మాట ఇది.

ఒకప్పుడు ఈ కోట్లమందికి దిగే చోటుండేది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893 నాటిది. షిఫ్టు విడిచే వేళ ఆ గేటులోంచి బయటికొచ్చే సైకిళ్ళతో మెట్టుగూడ రోడ్డు నిండిపోయేదని పాతవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. అన్ని సైకిళ్ళు బయటికొచ్చాయంటే, పొద్దున్నే లోపల నిలబెట్టడానికి షెడ్డు ఉన్నట్టే కదా. స్టేషన్ల దగ్గర, సినిమా హాళ్ళ దగ్గర సైకిలు స్టాండు ఉండేది. టికెట్టులో ఒక ముక్క హ్యాండిల్‌కు, ఇంకో ముక్క మన జేబులోకి. బండి మీద బండి ఒరిగి, మనది తీయాలంటే పది పక్కకు లాగాల్సి వచ్చేది, నిజమే. అయినా అది మన బండికి ఊరు ఇచ్చిన రసీదు. ఆ స్టాండులన్నీ ఒక్కొక్కటిగా స్కూటర్లకు, తర్వాత కార్లకు పోయాయి. సైకిలు తొక్కడం ఎందుకు మానేశారంటే ట్రాఫిక్ అంటారు, ఎండ అంటారు, పరువు అంటారు. పెట్టే చోటు పోవడం కూడా ఆ జాబితాలో ఉందని నా అనుమానం.

ఇప్పుడు దిగడానికి కూడా ఒక విద్య కావాలి. నాకు దాన్ని నేర్పింది వాచ్‌మన్లే. ఏ అపార్ట్‌మెంటుకైనా వెళ్ళి జనరేటర్ వెనక చూడండి, ఒక సైకిలు ఉంటుంది. అది వాచ్‌మన్‌ది. ఎక్కడ పెడితే ఎవరి కంట్లో పడదో ఆయనకు తెలుసు. నా సైకిలును గేటు దగ్గర ఆపిన మనిషే, రెండోసారి వెళ్ళినప్పుడు, "ఇటు రండ్రి" అని ట్రాన్స్‌ఫార్మర్ పక్క సందు చూపించాడు. అక్కడ అప్పటికే ఇస్త్రీ అతని సైకిలు ఉంది. బేగంపేట దాకా ఇలాంటి చోట్లు నాకిప్పుడు బోలెడు తెలుసు: పంక్చర్ షాపు వెనక, టైలర్ మెట్ల కింద, ఇరానీ హోటల్ పక్క గోడ. ఊళ్ళో సైకిళ్ళు లేవనుకునేవాళ్ళు ఆ గోడల వెనక చూడలేదంతే.

చోటు దొరికాక చెమట సంగతి. వచ్చీ రాగానే ముఖం కడిగి చొక్కా మార్చుకుంటే ఆ కొత్త చొక్కా కూడా తడుస్తుంది. పది నిమిషాలు ఫ్యాను కింద ఊరికే కూర్చుని ఒళ్ళు చల్లబడ్డాక మార్చుకోవాలి. వీపుకు బ్యాగు తగిలించుకునే బదులు క్యారియర్‌కు కట్టుకుంటే సగం చెమట తప్పుతుంది. ఆఫీసు సొరుగులో ఒక తువ్వాలు, ఒక చొక్కా ఉంటే చాలు.

నగరం సైకిలు కోసం ఏమీ చేయలేదని అనలేం. 2023 అక్టోబర్ 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. పైన సౌర ఫలకాలు, కింద నీడ, చూడ్డానికి బాగుంది. అది నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపు. సికింద్రాబాదు నుంచి అక్కడికి పోయి తొక్కాలంటే సైకిలును కారు వెనక కట్టుకోవాలి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ రైల్వే స్టేషన్ దగ్గర వాళ్ళు ఇంకోలా ఆలోచించారు. మూడు అంతస్తుల్లో 12,500 సైకిళ్ళు పట్టే స్టాండు కట్టి 2019లో పూర్తి చేశారు. మొదటి 24 గంటలు పైసా తీసుకోరు. ఇంటి నుంచి స్టేషనుకు సైకిలు, అక్కణ్ణుంచి రైలు. సైకిలుకు దిగే చోటిస్తే రైలుకు ప్రయాణికులు వస్తారని వాళ్ళ లెక్క.

మన సికింద్రాబాదు స్టేషనుకు 1874 నుంచి రైళ్ళు వస్తున్నాయి. దాన్ని కొత్తగా కట్టడానికి 2023 ఏప్రిల్‌లో సుమారు 720 కోట్ల రూపాయల అంచనాతో శంకుస్థాపన జరిగింది. అంత డబ్బులో సైకిళ్ళ వరుస ఒకటి ఏ మూలకూ రాదు. ఒక కారు నిలిచే చోట పది సైకిళ్ళు పడతాయి. మెట్రో స్టేషన్ల కింద, ప్రభుత్వ ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో కూడా ఇదే లెక్క. నేలలో పాతిన ఇనుప రాడ్డు, పైన రేకు, పక్కన రేటు రాసిన బోర్డు. అయిదు రూపాయలైనా సరే, ఆ రేటు ఉంటే మేము లెక్కలోకి వస్తాం.

పెద్దవాళ్ళ దాకా పోకముందు చేయగలిగింది మన గేటులోనే ఉంది. వచ్చే ఆదివారం మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగు ఉంటే, విజిటర్స్ పార్కింగ్‌లో సైకిళ్ళకు ఒక రాడ్డు వేయించమని అడగండి. వెల్డింగు షాపులో ఒక పూట పని. జనరేటర్ వెనక దాక్కున్న వాచ్‌మన్ సైకిలును మొదట అక్కడికి తెప్పించండి. నాలాంటివాడు ఎవరైనా వస్తే ఆ పక్కన తనదీ పెట్టుకుంటాడు.