కాగితం ఎవరికి చూపాలి?

బెర్లిన్‌లోని చెక్‌పాయింట్ చార్లీ గురించి మన పాఠకులకు కొత్తగా చెప్పవలసిన పని లేదు. గూఢచారి సినిమాలు చూసినవాళ్లకూ, 1989 నవంబరు నాటి పత్రికలు గుర్తున్నవాళ్లకూ ఆ పేరు పరిచయమే. సైప్రస్ రాజధాని నికోసియాలోని లెడ్రా ప్యాలెస్ చెక్‌పోస్టు మాత్రం అంతటి ప్రసిద్ధికి నోచుకోలేదు. అది అగ్రరాజ్యాలు తలపడ్డ చోటు, ఇది ఒక ద్వీపంలో ఇరుగుపొరుగు విడిపోయిన చోటు. అయినా ఈ రెండు చరిత్రలనూ పక్కపక్కన పెట్టి చదివితే, వాదమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగిందని తోస్తుంది. దారికి అడ్డంగా నిలబడి కాగితాలు అడిగేవాడికి, అడిగే హక్కు ఎవరిచ్చారు?

బెర్లిన్‌లో గీత ముందు పుట్టింది, గోడ తరవాత లేచింది. యుద్ధం ముగియకముందే, 1944లోనే మిత్రరాజ్యాలు ఆ నగరాన్ని కాగితం మీద పంచుకున్నాయి. 1961 ఆగస్టు 13న తూర్పు జర్మనీ ముళ్లకంచె వేసేదాకా జనం ఆ గీతను దాటి ఉద్యోగాలకూ సినిమాలకూ వెళ్లివస్తూనే ఉన్నారు. నికోసియాలోనూ గీతే ముందు పుట్టింది. 1963 డిసెంబరులో గ్రీకు, తుర్కు సైప్రియట్ల మధ్య నెత్తురు పారినప్పుడు, కాల్పులు ఆపడానికి బ్రిటిష్ మేజర్ జనరల్ పీటర్ యంగ్ ఆకుపచ్చ పెన్సిలుతో నగర పటం మీద ఒక గీత గీశాడు. దానికి గ్రీన్ లైన్ అన్న పేరు అలా వచ్చింది. 1974 జూలైలో గ్రీకు సైనికాధికారుల కుట్ర, వెంటనే తుర్కీ దండయాత్ర జరిగాక ఆ గీత ద్వీపమంతటా సుమారు 180 కిలోమీటర్ల పొడవున పాకి గట్టిపడింది. రెండింటినీ తాత్కాలిక ఏర్పాటుగానే గీశారు, రెండూ దశాబ్దాల పాటు నిలిచాయి.

కట్టడాల విషయానికొస్తే, చెక్‌పాయింట్ చార్లీ ఉన్న ఫ్రీడ్రిష్ వీధిలో అమెరికన్లు మొదట నిలబెట్టింది ఒక చిన్న కొయ్య గది. డబ్బు లేక కాదు. గట్టి భవనం కడితే అది సరిహద్దని ఒప్పుకున్నట్టవుతుంది. తూర్పు జర్మనీకి కావలసింది సరిగ్గా ఆ ఒప్పుకోలే. అందుకే అటువైపు ఏళ్లు గడిచేకొద్దీ తనిఖీ షెడ్లు, కస్టమ్స్ వరసలు, కాపలా బురుజు పెరిగిపోయాయి. ఇదే తర్కం నికోసియాలోనూ కనిపిస్తుంది. 1983లో తనను తాను దేశంగా ప్రకటించుకున్న ఉత్తర సైప్రస్‌ను తుర్కీ తప్ప ఎవరూ గుర్తించలేదు. కాబట్టి దేశానికి ఉండవలసిన బోర్డులు, జెండాలు, ముద్రలు అన్నీ అక్కడ ఉంటాయి. దక్షిణాన సైప్రస్ రిపబ్లిక్ పోలీసులూ కాగితాలు చూస్తారు గానీ, ఇది సరిహద్దని మాత్రం ఒప్పుకోరు. సరిహద్దు కావాలనుకున్నవాడు కట్టుకుంటూ పోతే, వద్దనుకున్నవాడు కట్టకుండా వాదించాడు.

అయితే ఒక తేడా చిన్నది కాదు. బెర్లిన్‌లో ఇరుపక్షాలూ ముఖాముఖి నిలబడ్డాయి, నడుమ తెల్లగీత తప్ప మరేమీ లేదు. నికోసియాలో మూడో మనిషి ఉన్నాడు. 1964 మార్చిలో వచ్చిన ఐక్యరాజ్యసమితి దళం ఇప్పటికీ అక్కడే ఉంది. 1949లో తెరిచిన లెడ్రా ప్యాలెస్ హోటలు ఒకప్పుడు ద్వీపంలోని విలాసాలకు చిరునామా. 1974 తరవాత అది రెండు చెక్‌పోస్టుల మధ్య చిక్కుకుని, గోడల మీద తూటా గుర్తులతోనే శాంతిదళ సైనికుల నివాసంగా మారింది. ఆ దళానికి మొదటి సేనాధిపతి మనవాడే, లెఫ్టినెంట్ జనరల్ పి.ఎస్. జ్ఞాని. ఆయన తరవాత వచ్చిన జనరల్ తిమ్మయ్య 1965 డిసెంబరులో పదవిలో ఉండగానే సైప్రస్‌లో కన్నుమూశారు. 1974 యుద్ధవేళ ఆ బాధ్యత మోసింది మరో భారతీయుడు, దీవాన్ ప్రేమ్ చంద్. లెడ్రా ప్యాలెస్ మనకు అంత దూరపు కథేమీ కాదు.

ఇక అసలు ప్రశ్న. 1961 అక్టోబరు 22 రాత్రి అమెరికా దౌత్యాధికారి అలన్ లైట్నర్ భార్యతో కలిసి తూర్పు బెర్లిన్‌కు ప్రదర్శన చూడబోతుంటే, తూర్పు జర్మన్ పోలీసులు కాగితాలు అడిగారు. సోవియట్ అధికారి వస్తే చూపిస్తాను, మీకు చూపించనని ఆయన పట్టుబట్టాడు. అయిదు రోజులకు అదే వీధిలో రెండు వైపులా ఇంచుమించు పదేసి ట్యాంకులు గొట్టాలు ఎక్కుపెట్టుకుని రాత్రంతా నిలబడ్డాయి. కెనెడీ, కృశ్చేవ్‌ల నడుమ రహస్యంగా కబురు నడిచాకే వెనక్కి తగ్గాయి. నికోసియాలో 2003 ఏప్రిల్ 23న ఉత్తరపు పాలకులు లెడ్రా ప్యాలెస్ దారి తెరిచినప్పుడు ట్యాంకులు రాలేదు, జనం వచ్చారు. ఇరవై తొమ్మిదేళ్ల కింద వదిలిన ఇంటిని చూసుకోవడానికి వేలమంది బారులు తీరారు. పాస్‌పోర్టు చూపించి, వీసా ఫారం నింపితేనే దారి. మా ఊరికి మేం వెళ్లడానికి, లేని దేశపు పోలీసుకు కాగితం చూపాలా అని వెనుదిరిగిన గ్రీకు సైప్రియట్లూ ఉన్నారు, ముందు ఇల్లు చూడనీయండి అని నింపినవాళ్లూ ఉన్నారు. బెర్లిన్‌లో దౌత్యవేత్త మోసిన ధర్మసందేహమే ఇక్కడ ముసలి రైతు నెత్తిన పడింది.

భూమి కింద మాత్రం రెండు నగరాలూ గీతను లెక్కచేయలేదు. పశ్చిమ బెర్లిన్ యు6 మెట్రో రైలు తూర్పు వీధుల కింద నుంచే వెళ్లేది. ఆ దారి వాడుకున్నందుకు పశ్చిమం తూర్పుకు డబ్బు చెల్లించేది. నడుమ ఫ్రీడ్రిష్ వీధి స్టేషను మినహా మిగతావన్నీ మూతపడ్డ మసక స్టేషన్లే. అలాగే నికోసియాలో రెండు వైపుల మేయర్లు లెల్లోస్ దిమిత్రియాదిస్, ముస్తఫా అకింజీ 1970ల చివర ఉమ్మడి మురుగునీటి వ్యవస్థకు చేతులు కలిపారు. ఒకరి పదవిని ఒకరు చట్టప్రకారం గుర్తించుకోలేరు, మురుగు మాత్రం కలిసే పారింది.

తెరుచుకున్న తీరులోనే దారులు వేరయ్యాయి. బెర్లిన్‌లో 1989 నవంబరు 9న గేట్లు తెరుచుకున్నాయి, పదకొండు నెలలు నిండకుండానే రెండు జర్మనీలు ఒకటయ్యాయి. ఈ లోపే, 1990 జూన్ 22న, ఆరు దేశాల విదేశాంగ మంత్రులు చూస్తుండగా క్రేను చెక్‌పాయింట్ చార్లీలోని అమెరికన్ల గదిని ఎత్తి తీసుకుపోయింది. 2000లో అదే చోట నకలు గది వెలిసింది. సైనికుల వేషం కట్టిన నటులు ఫొటోలకు నిలబడి, డబ్బు తీసుకుని పర్యాటకుల పాస్‌పోర్టుల మీద పాత ముద్రలు కొట్టేవారు. 2019లో నగర అధికారులు దాన్ని నిషేధించారు. చూపించనని ట్యాంకులు తెచ్చిన కాగితాన్నే, ముద్ర వేయండని జనం చేతికిచ్చి డబ్బులిచ్చారు. నికోసియాలో దారి తెరిచిన ఏడాదికి, 2004 ఏప్రిల్‌లో, ఏకీకరణ ప్రణాళికపై ప్రజాభిప్రాయం అడిగితే ఉత్తరాన 65 శాతం సరేనన్నారు, దక్షిణాన 76 శాతం వద్దన్నారు. 2008లో పాత బజారు నడిబొడ్డున లెడ్రా వీధి కూడా తెరుచుకుంది, విభజన మాత్రం మిగిలింది. 2020లో కరోనా వేళ అదే దారి మళ్లీ ఏడాదికి పైగా మూతపడింది.

బెర్లిన్ కథ చదివి పెరిగిన మనం, గేటు తెరుచుకోవడమూ విభజన ముగియడమూ ఒకటేననుకుంటాం. అక్కడ ఒకదాని వెనకే రెండోది వచ్చింది, అందుకే అలా తోచింది. అవి రెండు వేరు సంగతులని, మొదటిది జరిగి ఇరవై ఏళ్లు దాటినా రెండోది రాకపోవచ్చునని నికోసియా చూపిస్తోంది. అలాగని నికోసియాను తప్పిపోయిన బెర్లిన్‌గా చదవడమూ అన్యాయమే. బెర్లిన్‌లో కాగితం ప్రశ్నకు జవాబు దొరకలేదు, అడిగే రాజ్యమే పోయింది కాబట్టి ప్రశ్న పోయింది. నికోసియాలో ఇద్దరూ ఉన్నారు, వాదమూ ఉంది. మురుగు ఒప్పందం చేసిన అకింజీయే 2015లో తుర్కు సైప్రియట్ల నాయకుడై, వచ్చిన కొద్ది వారాలకే ఆ వీసా ఫారం తీసేయించాడు. గుర్తింపుకార్డు ఇప్పటికీ చూపాల్సిందే, గీత అంగుళం కూడా కదలలేదు. అయినా ఎవరు గెలిచారో తేలకుండానే ఒక అవమానాన్ని తగ్గించవచ్చని ఆ పని చెబుతుంది. విభజిత నగరాల చరిత్రలో గోడ కూలిన రాత్రికి ఎన్ని పుటలు ఇస్తామో, ఫారం తీసేసిన రోజుకూ కొన్ని ఇవ్వాలి.