అపహారవర్మయు నేటి చౌర్యక్రీడయు

చౌర్యక్రీడలను మన చోరకథలతో పోల్చువారు పరికరసామ్యముతో తృప్తిపడరాదని మా యభిప్రాయము. 'పాత్ ఆఫ్ ఎగ్జైల్' అను అంతర్జాలక్రీడలో 2020లో చేరిన 'హైస్ట్' భాగమున ఆటకాడు నాణెములు వెచ్చించి భవనపటమందలి మఱుగుగదులను తెలిసికొనును. తాళములు తీయు నేర్పరులను వెంటగొనును. పెట్టెలు తెఱచినకొలది అలజడి పెరుగును. పన్నుగడ మెచ్చదగినదే. సొమ్మెవరిదన్న ప్రశ్న మాత్రము లేదు.

మేమున్న గూడూరు 2022 వరకు నెల్లూరు జిల్లాలోనిది. ఆ నెల్లూరి తిక్కనకే కేతన దశకుమారచరిత్రము నంకితమిచ్చెను. దానికి మూలమైన దండి కృతిలో అపహారవర్మకును కన్నపుకత్తి, కొలత్రాడు కలవు. గుఱి చంపానగర లోభులు. చీకటిలో నెదురైన కులపాలిక నగలమూట నిచ్చినను తనకై యుంచుకొనక, ఆమెను ప్రియుడగు ధనమిత్రునికడకు తోడ్కొనిపోవును. దారిలో తలారులు రాగా పాముకాటు తగిలినవానివలె పడియుండును. అట్టి యుపాయము ఏ భవనపటమునను ముందుగా దొరకునది కాదు.