స్త్రీపర్వమున ఛిన్నహస్తము

కురుక్షేత్రమున 18 అక్షౌహిణుల నాశము సంఖ్యగా బుద్ధికందును గాని హృదయమును తాకదు. అందుచేతనే కాబోలు, వ్యాసుడు స్త్రీపర్వమున ఒక్క చేతిని చూపెను. అర్జునుడు ఖండించిన భూరిశ్రవుని హస్తమును అతని భార్య ఒడిలో నుంచుకొని, అది తన్ను లాలించిన తీరును తలచి విలపించును. ఈ ప్రణయస్మృతి కరుణరసమునకే పోషకమని ఆనందవర్ధన మమ్మటులు నిరూపించిరి. ఆ నిర్ణయము యుక్తమే. కాని వారుదాహరించినది ఆ యొక్క శ్లోకమునే. ప్రచలితపాఠమున ఆమె ఆ చేయి వీరులను చంపినదనియు, వేలకొలది గోవులను దానమిచ్చినదనియు గూడ చెప్పును. ద్రోణపర్వమున నేలబడిన సాత్యకిపై ఖడ్గమెత్తినదియు, అప్పుడే తెగిపడినదియు ఆ చేయియే. లాలించిన చేయియు చంపిన చేయియు వేరు కావు. శ్లోకమును ప్రకరణమునుండి విడదీసినచో కరుణము మిగులును, యుద్ధసత్యము జారిపోవును. కావున రసవిచారము చేయువారు ప్రకరణమును విడువరాదు.