డిస్కు చిట్లుట: ఒక ప్రసిద్ధ వైద్యవ్యాసముపై విమర్శ

వైద్యశాస్త్రంలో కొన్ని వ్యాసాలు, వాటిని చదివేవారు అరుదైపోయిన తరువాత కూడ ఏలుబడి సాగిస్తూనే ఉంటవి. 1934లో ‘న్యూ ఇంగ్లండు జర్నల్ ఆఫ్ మెడిసిన్’ అను అమెరికా పత్రికలో విలియం మిక్స్టర్, జోసెఫ్ బార్ ప్రకటించిన వ్యాసం అట్టిది. “డిస్కు జారినది” అని నేడు పల్లెలలో సైతం వినబడే మాటకు మూలం వెదుకుతూ పోతే అక్కడికే చేరవలసి వస్తుంది. ఆ వ్యాసం ఋజువు చేసినదేమి, చేయకయే పేరు పొందినదేమి అన్నది విడదీసి చూడవలెను.

మానవుని వెన్నెముకలో కశేరుకల నడుమ 23 చక్రికలు ఉన్నవి. వీటినే డిస్కులు అంటారు. నిర్మాణంలో డిస్కు కొంతవరకు తాటిముంజను పోలినది: చుట్టూ గట్టి పీచు వలయం, నడుమ నీరు పట్టిన గుజ్జు. వలయంలో 15 నుండి 25 పొరలు ఉంటవి. ఒక పొరలోని కొల్లాజెన్ పోగులు ఒక వైపుకు ఏటవాలుగా ఉంటే, దాని పక్క పొరలోనివి ఎదురువైపుకు వాలి ఉంటవి. గుజ్జులోని అగ్రికాన్ అనే పెద్ద అణువు నీటిని పట్టి ఉంచుతుంది. పగటివేళ దేహభారానికి కొంత నీరు బయటికి పోయి, రాత్రి పడుకున్నప్పుడు తిరిగి చేరుతుంది. ఉదయం మనిషి పొడవు సాయంకాలంకంటె సుమారు ఒక శాతం ఎక్కువగా ఉండుటకు ఇదే కారణం. ఒక కొలబద్ద ఉన్న ఏ విద్యార్థి అయినా దీనిని పరీక్షించుకొనవచ్చును.

వలయం చీలి గుజ్జు వెనుకకు వస్తే, అక్కడ ఉన్న నాడీమూలం బాధపడుతుంది. నడుము నుండి కాలిలోకి పాకే సయాటికా నొప్పి, ఆయుర్వేదం గృధ్రసి అన్నది, చాలమందికి ఈ విధంగానే వస్తుంది. 1908లో బెర్లిన్‌లో క్రౌజె అనే శస్త్రవైద్యుడు ఇట్టి ముద్దనొకదానిని తీసివేసినాడు. కాని అతడును, అతని సహచరుడు ఓపెన్‌హైమును దానిని మృదులాస్థి కంతి అనుకొన్నారు. 1929లో బాల్టిమోరుకు చెందిన డాండీ సత్యానికి మరింత చేరువగా వచ్చినాడు. మిక్స్టర్, బార్ చేసిన పని వీరందరికంటె పద్ధతిగలది. ఆసుపత్రిలో కంతులని పేరు పెట్టి భద్రపరచిన పాత నమూనాలను తిరిగి సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఆరోగ్యవంతమైన డిస్కుతో పోల్చి, వాటిలో అనేకం కంతులు కావు, డిస్కు ముక్కలే అని తేల్చినారు. సీసా మీది చీటీని నమ్మక సీసాలోని వస్తువును చూచిన ఈ భాగం ఇప్పటికిని చెక్కుచెదరలేదు.

చిక్కు ఆ తరువాతి మెట్టులో ఉన్నది. 19 మంది రోగుల అనుభవంతో, ఈ వ్యాధికి చికిత్స శస్త్రచికిత్సయే అని వారు నిర్ణయించినారు. కోయకుండ ఉంచి పోల్చి చూచిన రోగులు వ్యాసంలో లేరు. తీసివేసిన ముక్క, తీయకుంటే ఏమయ్యేదో తీసినవారికి ఎట్లు తెలియును? బయటపడిన గుజ్జును దేహంలోని భక్షక కణాలు క్రమంగా కరిగించివేయుట సాధారణమని తరువాత తెలిసినది. నార్వేలో వెబర్ 126 మంది రోగులను చీట్లువేసినట్లు రెండు జట్లుగా విభజించి, 1983లో ఫలితం ప్రకటించినాడు. ఒక సంవత్సరం తరువాత శస్త్రచికిత్స పొందినవారు మెరుగు. నాలుగేండ్లకు ఆ తేడా గణాంక పరీక్షకు నిలువలేదు. పదేండ్లకు ఇంచుమించు లేదు. మూత్రం పట్టు తప్పినప్పుడు, కాలు బలం క్షీణిస్తున్నప్పుడు ఆలస్యం ప్రమాదమే. ఆ సందర్భం వేరు.

నాడి నలుగుట చేతనే నొప్పి అన్న వివరణ కూడ చాలలేదు. 1993లో స్వీడన్‌లో ఓల్మార్కర్, అతని సహచరులు పంది డిస్కులోని గుజ్జును అదే పంది నాడీమూలాలపై ఒత్తిడి లేకుండ ఉంచినారు. అయినను నాడుల వాహకశక్తి తగ్గినది. గుజ్జు బరువే కాక, దాని రసాయనం కూడ దోషియే.

అన్నిటికంటె ఎక్కువ హాని చేసినది ఆ వ్యాసకర్తలు కోరి ఎన్నుకొన్న ‘చిట్లుట’ అను పదమేమో. నిక్షేపంగా ఉన్న వస్తువు ఒక్క దెబ్బకు పగిలినదన్న భావం దానిలో ఉన్నది. నిజానికి డిస్కు కథ అంతకు చాల ముందే మొదలవుతుంది. పెద్దవారి డిస్కులో వలయపు వెలుపలి అంచున తప్ప రక్తనాళాలు లేవు. నడిమి కణాలకు అతి సమీప రక్తనాళం 6 నుండి 8 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. ఆహారం, ప్రాణవాయువు పైన, కింద ఉన్న మృదులాస్థి పలకల గుండా ఊటవలె చేరవలసినదే. ఆ దారి మూసుకొన్నకొలది కణాలు తగ్గును, అగ్రికాన్ విరిగిపోవును, నీరు జారును, భారమంతా వలయంపై పడి పగుళ్లు వచ్చును. ఈ మార్పులు రెండవ దశాబ్దిలోనే, అనగా ఉన్నత పాఠశాల విద్యార్థి వయసుకే, మొదలు కాగలవు.

దీనిని తిరుగలి రాయి అరిగినట్లు ‘అరుగుదల’ అనుట కూడ పొరపాటే. 1995లో 115 జతల ఫిన్లండు కవల సోదరులపై, ఒకే పోలికవారైనా బ్రతుకులో వేరువేరు శ్రమ చేసినవారిపై, జరిగిన పరిశోధన ప్రకటితమైనది. డిస్కుల తేడాలలో జీవితకాలపు శ్రమ వివరించగలిగినది నడుము ఎగువ భాగంలో 7 శాతం, దిగువ భాగంలో 2 శాతం మాత్రమే. వారసత్వం, ఉమ్మడి బాల్యం కలిసి వరుసగా 61, 34 శాతం వివరించినవి. మూటలు మోసే హమాలీకి నడుము నొప్పి రాదని దీని అర్థం కాదు. నొప్పి వేరు, క్షీణత వేరు.

ఆ రెంటికి గల ఎడం 1994లో, సరిగా అరవై ఏండ్లకు, అదే పత్రికలో అచ్చయినది. నడుము నొప్పి లేని 98 మందికి జెన్సెన్ బృందం ఎం.ఆర్.ఐ. తీసినది. 52 శాతం మందిలో కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉన్నది, 27 శాతం మందిలో పొడుచుకొని వచ్చినది. అన్ని డిస్కులు సక్రమంగా ఉన్నవారు 36 శాతమే.