శకుంతల చేరిక : శృంగారశాకుంతలమునందలి పరదేశ గార్హస్థ్యము

శకుంతలాకథను గూర్చిన విమర్శలలో నాటకమందలి నాలవ యంకమునకుఁ గలిగిన గౌరవము తక్కిన యంకములకుఁ గలుగలేదు. ఆశ్రమమునుండి యామె బయలుదేరుట, తీవలు పండుటాకులు రాల్చుట, లేడిపిల్ల కొంగు పట్టి లాగుట, వైరాగ్యశీలుఁడగు కణ్వునికిని గంఠము గద్గదమగుట - వీనిని మెచ్చని విమర్శకుఁ డరుదు. కాని యిల్లు విడిచిన యా పడుచు ఎక్కడికిఁ జేరినది, చేరినచోటఁ గాఁపురమెట్లు కుదిరినది యను ప్రశ్నమును మాత్రము తఱచుగా నెవ్వరును విచారింపరు. వీడ్కోలునకు దక్కిన శ్రద్ధ చేరికకు దక్కలేదు. శృంగారశాకుంతలమును జదువునపు డీ లోపము మఱింత స్పష్టముగాఁ గానవచ్చును. ఆ కావ్యకర్తయగు పిల్లలమఱ్ఱి పినవీరభద్రకవి యింటిపేరు సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱిని దలఁపించునది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలనుండి నేఁడు ఎందఱో కూఁతుండ్రు సముద్రములు దాఁటి కాఁపురమునకుఁ బోవుచున్నారు. ఆ యిండ్లలోఁ గూర్చుండి చదువువారికి శకుంతలాకథ వేఱొక విధముగాఁ దోఁచును.

పినవీరన పదునైదవ శతాబ్దివాఁడు. జైమినిభారతమును సాళువ నరసింహరాజునకును, శృంగారశాకుంతలమును చిల్లర వెన్నయామాత్యునకును గృతి యిచ్చెను. నరసింహుఁడు చంద్రగిరినుండి యేలి 1485లో విజయనగర సింహాసన మెక్కినవాఁడు. కవి యింటిపేరొక సీమది, కృతిపతి కొలువు మఱియొక సీమది. ఆ నడిమి ప్రయాణమును గూర్చి కావ్యమునుండి తేల్చుట పొసఁగని పని. వాణి తన రాణి యని కవి పలికెనను కథయుఁ బ్రసిద్ధమే గాని, దాని సత్యాసత్యములు ప్రస్తుతము గావు. ప్రస్తుతమగునది పిల్లలమఱ్ఱిలోని యొక గుడి. అచటి యెఱకేశ్వరాలయమును రేచర్ల బేతిరెడ్డి భార్యయగు ఎఱకసాని 1208లోఁ గట్టించినది. ఆ దేవునికి నామె పేరే పెట్టఁబడినది. మెట్టినింటి సీమలో రాతిమీఁదఁ దన పేరు నిలుపుకొన్న యిల్లాలి యూరది. శకుంతలకు హస్తినాపురమున మొదట దక్కనిది సరిగా నదియే.

శకుంతల చేరికను మువ్వురు కవులు మూఁడు విధములుగాఁ జెప్పిరి. ఆదిపర్వమున నన్నయ మూలము ననుసరించి చెప్పిన కథలో శాపము లేదు, ఉంగరము లేదు. శకుంతల కొడుకును వెంటఁ బెట్టుకొని సభకు వచ్చును. రాజు సర్వము నెఱిఁగియు నెఱుఁగనని బొంకును. ఆమె తల వంపదు. సత్యమును గూర్చి, పుత్రుని గూర్చి, భార్యను గూర్చి నిండుసభలో వాదించును. తుదకు ఆకాశవాణి సాక్ష్యమిచ్చును. కాళిదాసు నాటకమున దుర్వాసుని శాపముచేత రాజు నిజముగానే మఱచును. గుఱుతుటుంగరము చూచినఁగాని యా మఱపు తొలఁగదు. పినవీరన భారతకథకును నాటకమునకును సంధి గూర్చి నాలుగాశ్వాసముల ప్రబంధము నిర్మించెను. శాపమును, ఉంగరమును నాటకమునుండియే గ్రహించెను.

శాపకల్పనము వలన నాయకుని శీలము నిలిచినదని యలంకారికులు మెచ్చుదురు. అది నిజమే. అయిన నా మెప్పునకు వెల చెల్లించినది నాయిక. భారతమున నామె మాటకును రాజు బొంకునకును పోరు; ఆ పోరున నామె మాటయే బరువైనది. నాటకమున రాజు దోషి కాఁడు గనుక నామె మాటకు ఎదురుమాట లేదు, బరువును లేదు. ఆశ్రమములోని లేడిపిల్ల నీరు త్రాగిన ముచ్చట చెప్పినను, దానిని స్త్రీల నేర్పరితనముగాఁ ద్రోసిపుచ్చఁగలఁడు. మిగిలినది వ్రేలి యుంగర మొక్కటి. అదియు శచీతీర్థమున మ్రొక్కునపుడు నీటఁ జాఱినది. భార్యయను స్థానము భార్యనోటినుండి తొలఁగి యొక వస్తువు నాశ్రయించినది. కథ నడక కిది యెంత మేలో, కాఁపురమునకు అంత కీడు.

ఇంతకంటెఁ గఠినమైన సంగతి యొకటి కలదు. శాపము సంగతి యనసూయా ప్రియంవదలకుఁ దెలియును. మల్లెతీవపై వేఁడినీరు పోయరాదను జాలితో వారు దానిని దాఁచిరి. పోవునపుడు మాత్రము, రాజు గుర్తింప నాలసించినచో ఉంగరము చూపుమని హెచ్చరించిరి. శకుంతల కంపించెను గాని, కారణము తెలియకయే బయలుదేరెను. ప్రేమతో దాఁచిన మాట యది. అయినను దాఁచుటవలననే యామె యుంగరమును ప్రాణమువలెఁ గాచుకొనలేదు. దూరదేశపు సంబంధము కుదుర్చునపుడు పెండ్లికుమారుని కొలువు నిలుకడ, ఆ దేశపు కట్టడలు, అచట పెండ్లికూఁతునకుఁ గలుగు హక్కులు - వీనిని బిడ్డ బెంగపెట్టుకొనునని చెప్పక దాఁచు బంధువులు సఖీజనమునకు దూరపువారు గారు.

శార్ఙ్గరవుఁడు వెనుదిరిగినపుడు శకుంతల నిలిచిన చోటు మఱియుఁ జింతనీయము. రాజు కాదన్నాఁడు. పుట్టింటివారు తోడ్కొనిపోమనిరి, నిర్దోషివైనచో భర్తయింట దాస్యమైనను మేలని బోధించిరి. పురోహితుఁడు ప్రసవమువఱకుఁ దన యింట నుండుమనెను. అనఁగాఁ గడువుగల తలదాఁపు. రెండిండ్లకు నడుమ గడపమీఁద నిలువఁబడిన గర్భిణి. కాళిదాసు నాలవ యంకమునఁ గార్చిన కన్నీటికంటె నీ నాలుగడుగుల నేలలోనే పరదేశ గార్హస్థ్యముయొక్క సారము కలదు.

ఇది కవికల్పనమని యనుకొనువారికి దక్షిణాఫ్రికా చరిత్రము సమాధానము చెప్పును. 1860 నవంబరు 16న మదరాసునుండి వెడలిన ట్రూరో నౌక డర్బను చేరినది మొదలు, తెలుఁగువారును దమిళులును ఒప్పందపు కూలీలై నేటాలు చెఱకుతోఁటలకుఁ బోయిరి. కొందఱు గడువు తీఱినను మరలక సంసారములు స్థాపించుకొనిరి. 1913 మార్చి 14న కేపు న్యాయస్థానమున సర్ల్ న్యాయమూర్తి తీర్పు చెప్పుచు, క్రైస్తవవిధిని జరిగి నమోదైన వివాహములే చెల్లుననెను. అగ్నిసాక్షిగాఁ బెండ్లాడి, బిడ్డలఁ గని, యేండ్లుగాఁ గాఁపురము చేయుచున్న స్త్రీలు ఒక్కదినమున భార్యలు గాకపోయిరి. అచట దుర్వాసుఁడు లేఁడు. మఱచిన భర్తయు లేఁడు. మఱచినది రాజ్యము. ఆ యేఁటి సత్యాగ్రహమున కస్తూరిబాయి మొదలుగాఁ బలువురు స్త్రీలు చెఱసాలకుఁ బోయిరి. 1914 నాఁటి శాసనమువలన వివాహములకు మరల గుర్తింపు గలిగినది. ఆ స్త్రీలు నడిచిన దారి నన్నయ శకుంతల దారి. ఉంగరము దొరకువఱకు వారు వేచియుండలేదు.

ఇఁక నేఁటి మాట. నాగార్జునసాగరపు కాలువలకు 1967 ఆగస్టు 4న నీరు విడువఁబడినది. ఎడమకాలువ క్రింది మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ భూములకుఁ గృష్ణా, గుంటూరు మండలములనుండి కుటుంబములు వచ్చి స్థిరపడెను. క్రొత్తయూర నాఁటి కోడండ్రు యాస మార్చుకొనిరి, వంట మార్చుకొనిరి. స్థానికులకుఁ జిరకాలము వలసవారుగానే యుండిరి. అయినను అది బస్సెక్కినఁ దీఱు దూరము. ఆ వరిపొలముల రాఁబడితోఁ జదివిన బిడ్డలలోఁ గొందఱు, స్థానికుల బిడ్డలతోఁ గూడ అమెరికా చేరిరి. 2017 నాఁటి జనగణన శాఖ లెక్కలలో నా దేశమున నింటఁ దెలుఁగు మాటలాడువారు నాలుగు లక్షలకు మించిరి. ఈ రెండవ వలసకే యుంగరము వలసివచ్చినది.

ఆ దేశమున హెచ్-1బి వీసాతోఁ గొలువు చేయువాని భార్య హెచ్-4 వీసాతోఁ బోవును. పెండ్లిపత్రిక, ఛాయాచిత్రములు, వివాహ నమోదుపత్రము సంచిలోఁ బెట్టుకొని కాన్సులేటు కిటికీయొద్ద నిలుచును. మన రాష్ట్రమున నమోదును దప్పనిసరి చేసిన శాసనము 2002 నాఁటిది. అచటికిఁ బోయిన పిదప నామె నివాసము భర్త కొలువుపై నాధారపడును. 2015 మే 26 వఱకు నామె కొలువు చేయుటకు వీలు లేకుండెను. ఆనాఁటినుండి భర్త శాశ్వతనివాసపు అర్జీ యొకమెట్టు దాఁటినవారికి మాత్రము అనుమతి కలిగినది. ఇంజనీరింగు పట్టము గొన్న పడుచు ఏండ్లకొలఁది యింట నుండవలసివచ్చుట యిందువలననే. ప్రవాస భారతీయుల వివాహములను ముప్పది దినములలో నమోదు చేయవలెనను బిల్లు 2019 ఫిబ్రవరిలో రాజ్యసభయందుఁ బ్రవేశపెట్టఁబడినది. విడువఁబడిన భార్యల మొఱలే దానికిఁ గారణము. కథలో జాలరి రోహితమత్స్యపు కడుపునుండి తీసిన యుంగరమును శాసనకర్తలు ముందుగానే చేయించి యిచ్చుట యిది.

కణ్వుని యుపదేశమును గూడ నీ వెలుఁగునఁ బరీక్షింపవలెను. పెద్దలకు సేవ చేయుము, సవతులతోఁ జెలిమి చేయుము, పరిజనముపై దయ గలిగియుండుము, భర్త కోపించినను నెదిరింపకుము అని యతని బోధ. తాను వనవాసియైనను లోకము నెఱిఁగినవాఁడనని చెప్పుకొనును గాని, యతఁ డెఱిఁగినది నిండియున్న యిల్లు. నేఁటి కోడలు చేరునది పెద్దలు లేని, పరిజనము లేని, ఇరుగుపొరుగు పలుకు తెలియని యిల్లు. అచట సేవింపవలసిన యత్త లేదు. పిలిచిన రాఁదగిన యత్తయు లేదు. ఎన్నఁడు ఆ దేశము చూడని తల్లిదండ్రులు కోదాడలోఁ గూర్చుండి చేయు బోధ కణ్వబోధవంటిదే: ప్రేమ నిండినది, చిరునామా తప్పినది. మరల నీ తపోవనము నెపుడు చూతునని శకుంతల యడుగఁగా, చిరకాలము భూమికి సవతివై, కొడుకును సింహాసనమున నిలిపిన పిమ్మట భర్తతో వత్తువని కణ్వుఁ డనెను. నేఁడును బిడ్డల చదువులు తీఱిన పిమ్మట వత్తుమను మాట వాడుకలో నున్నది. ఋషి వాక్యము గనుక దానికైన నెఱవేరు యోగ్యత యున్నది.

విమర్శకులు మిక్కిలి యుపేక్షించినది ప్రసవఘట్టము. తొలికాన్పు పుట్టింట జరుగుట తెలుఁగువారి యాచారము. శకుంతల బిడ్డను గన్నది పుట్టింటఁ గాదు, మెట్టినింటఁ గాదు, మారీచాశ్రమమున. అచటికిఁ జేర్చినది తల్లి పక్షము. పుట్టిననాఁడే విడిచిపోయిన మేనక, కూఁతురు గడపమీఁద నొంటరియైనపుడు వేఱొక లోకమునుండి యాదుకొన్నది. సూర్యాపేట తల్లి యిపుడు చేయుచున్నదియు నదియే. కూఁతురు రాలేదు గనుక పుట్టిల్లే పెట్టె సర్దుకొని విమాన మెక్కును. కాయపుముద్ద, ఊరఁగాయ జాడీ, పాతచీరల మెత్తని గుడ్డలు వెంటఁ బోవును. సందర్శకవీసాపై సాధారణముగా నాఱునెలల గడువు. ఆ గడువులోఁ బురుడు, బారసాల, అన్నప్రాశనము ముగింపవలెను. ఇంతకుమించిన యాచారపరివర్తనము మఱొకటి యీ తరమున జరిగియుండదు. దీనిని వర్ణించుటకుఁ గవి యవసరము. మేనక పాత్రమును దిట్టుటకే పరిమితమైన విమర్శ దీనిని గానఁజాలదు.

భరతుఁడు పెరిగినది తండ్రి నెఱుఁగని యాశ్రమమున. తాపసి మట్టిపక్షిని జూపి శకుంతముయొక్క లావణ్యము చూడుమనఁగా, ఆ శబ్దములలోఁ దల్లిపేరు వినఁబడి యమ్మ యెక్కడ నని బాలుఁ డడుగును. పండితులు దీనిని శ్లేషచమత్కార మని మెచ్చి విడిచిరి. అర్థమునకు ముందు శబ్దముననే తల్లిని పోల్చు బాలుఁడు పరదేశమునఁ దెలుఁగిండ్లలోఁ గలఁడు. సిలికానాంధ్ర మనబడి 2007లో మొదలైనది మొదలు వారాంతమున నా శబ్దమునకు అక్షరము నేర్పుచున్నది. నేర్పునది బడియైనను, ఆ పిలుపు పుట్టినది యింటనే.

పినవీరనపై నొక యాక్షేపము మిగులును. కావ్యనామమే చెప్పునట్లు అతని మక్కువ శృంగారమున నున్నది. భారతకథయుఁ దన ముందు నుండఁగా, నన్నయ శకుంతల నోటి బలమును మూలసూత్రముగాఁ గొని, యుంగరమును దోడుగా నిలిపియుండినచో నతని సంధి సార్థకమై యుండెడిది. ఉంగరమునే ప్రధానము చేయుటవలనఁ జేరిక శాపవిమోచనమునకు లోఁబడినది. ప్రబంధయుగపు రుచి యట్టిది; ఒక్క కవిని దూఱుట న్యాయముగాదు. వర్ణనా సౌష్ఠవమునఁ గావ్యమునకుఁ గల పేరు దీనివలనఁ దఱుగదు.

ఉంగరమునకుఁ దగిన తీర్పు మాత్రము కాళిదాసు నాటకముననే యున్నది. ఏడవ యంకమున భార్యాభర్తలు కలిసికొన్న పిదప, రాజు ఆ యుంగరమును మరల నామె వ్రేలికిఁ దొడుగఁబోవును. శకుంతల చేయి వెనుకకుఁ దీసికొనును. దానిని నమ్మనని, ఆర్యపుత్రుఁడే ధరింపవచ్చునని యనును. వియోగమంతయు నొక వస్తువుపై వ్రేలాడినదని యెఱిఁగిన యిల్లాలి మాట యది. ఆపై నామె రాజధానికిఁ బోవునపుడు వ్రేలు బోసిగానే యున్నది. ఉంగరము భర్తయొద్ద నున్నది.