నల్లబడిన మోదుగుపువ్వు

పొద్దు వాలేవేళ కంబదూరు గుట్టల దగ్గర మన పిల్లలు సెల్‌ఫోన్లతో తీసే ఫొటోల్ని మేము ఇష్టంగా చూస్తాం. అయితే చాలావాటిలో ఆకాశం ఎర్రగా వెలుగుతుంది, చెట్టు నల్లటి మచ్చగా మిగులుతుంది. సూర్యుడికి ఎదురుగా తీస్తే ఫోను ఆకాశపు వెలుగునే లెక్కలోకి తీసుకుంటుంది.

తుమ్మకు దీనివల్ల నష్టం లేదు. కొమ్మల వంపు చూసే మేకలు కాసే పిల్లవాడు దాని పేరు చెబుతాడు. మోదుగు సంగతి వేరు. ఎండలు ముదిరేముందు ఆకు రాల్చి ఎర్రగా పూస్తుంది. మన తండాల్లో హోలీకి రంగు తీసింది ఆ పువ్వుతోనే. ఫొటోలో అదే నల్లబడితే ఇక మిగిలేదేమిటి?

అనంతపురమంటే ఎడారి అనేవాళ్లకు ఈ నల్లచెట్లు ఎండిన మోడుల్లాగే కనిపిస్తాయి. ఈ అడవిలో మేత, కట్టె, ఆకు, కాయ తెచ్చుకుని బతికిన మనం ఆ మాటకు సాక్ష్యం పలకకూడదు.

ఉపాయం సులువే. సూర్యుణ్ణి మాను వెనక దాచండి. తెరమీద పువ్వును వేలితో తాకి వెలుగు పెంచండి. ఆకాశం తెల్లగా పోతే పోనీ, రేకుల్లోంచి వెలుగు దిగి అసలు ఎరుపు కనిపిస్తుంది. ఫొటో కింద చెట్టు పేరు తెలుగులోనూ గోర్‌బోలీలోనూ రాయండి. బడి గోడకు అంటించి చిన్నపిల్లల చేత చదివిద్దాం.